డిస్కస్ కొనేముందు దాని పుట్టిల్లు చూసి రండి

(బెంగళూరు మారతహళ్లిలో రంగు చేపలు పెంచుకునే తెలుగువాళ్లు ఒక ఆదివారం ఉదయం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే పనులన్నీ పక్కన పెట్టి వచ్చారు, చాలా సంతోషం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలున్నాయి.

డిస్కస్ చేప గురించి మాట్లాడమన్నారు. నీళ్లు, మేత, మందులు అన్నీ చెప్పాలంటే సాయంత్రమవుతుంది. అందుకే ఇవాళ ఒక్క విషయమే పట్టుకుంటాను. చేపను ఎక్కడ కొనాలి? నాకు ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది చేప జబ్బు పడ్డాకే చేస్తారు. "అన్నా, పీహెచ్ ఎంతుండాలి? ఏ మందు వెయ్యాలి?" అని అడుగుతారు. పీహెచ్ అంటే నీళ్లు ఎంత ఆమ్లంగా ఉన్నాయో చెప్పే అంకె. నేను తిరిగి అడిగేది వేరే. ఎక్కడ తెచ్చారు? ఎన్ని చోట్ల తెచ్చారు? ఆ జవాబు వినగానే సగం కథ అర్థమైపోతుంది.

ఎందుకంటే ఆ కథ నాదే. పదకొండేళ్ల కిందట మొదటిసారి డిస్కస్ తెచ్చాను. నాలుగడుగుల ట్యాంకు కట్టించి, నెల రోజులు ఖాళీగా నీళ్లు తిప్పి, అంతా పద్ధతిగా చేశాను. చేపల దగ్గర మాత్రం ఆశపడ్డాను. ఒక షాపులో పిజన్ బ్లడ్ అనే రంగు రకం జత బాగుంది, తీసుకున్నాను. ఇంకో చోట రెడ్ టర్కాయిజ్ బాగుంది, అదీ తీసుకున్నాను. వారం తిరక్కుండా మూడో చోట బ్లూ డైమండ్ జత. ఆరు చేపలు, మూడు రంగులు, ట్యాంకు పండగలా ఉంది. తొమ్మిదో రోజున రెడ్ టర్కాయిజ్‌లో ఒకటి నల్లబడి, ఫిల్టర్ వెనక మూలకు మొహం పెట్టి నిలబడింది. మర్నాటికి ఒంటి మీద జిగురు తెల్లటి పొరలాగా ఊడి నీళ్లలో తేలుతోంది. తర్వాత ఒకదాని వెనక ఒకటి. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు. బడికి వెళ్లేముందు గాజుకు వేలు పెట్టి లెక్కపెట్టేది. మూడో వారానికి వేలు ఒక్కచోటే ఆగింది.

ఆ షాపులవాళ్లు మోసం చేశారని నేను అనను. అక్కడున్నప్పుడు మూడు చోట్లా చేపలు బాగానే ఉన్నాయి. ఏ ట్యాంకులో పెరిగిన చేప ఆ ట్యాంకులోని సూక్ష్మజీవులకు అలవాటుపడి ఉంటుంది. ఒంట్లో మోస్తూనే ఆరోగ్యంగా తిరుగుతుంది. ఇంకో ఇంటి చేపకు అవి కొత్త. మూడు ఇళ్ల చేపల్ని ఒకే నీళ్లలో కలిపితే ఎవరి జబ్బు ఎవరికి అంటుకుందో కనిపెట్టడం మన వల్ల కాదు. అందుకని మీరు ఇవాళ ఇంటికి ఒక్క మాటే తీసుకెళ్లినా ఇది తీసుకెళ్లండి: మొదటి గుంపు మొత్తం ఒకే ఇంటి నుంచి, ఒకేసారి తెచ్చుకోవాలి. రంగులు కలవకపోయినా పర్వాలేదు.

ఇక పెంపకపు చేప అంటే ఏమిటో కొంచెం చెప్పుకుందాం. డిస్కస్ అమెజాన్ నది చేప. 1840లో వియన్నాలో హెకెల్ అనే శాస్త్రవేత్త దీన్ని మొదట వర్ణించాడు, ఇప్పటికీ ఒక రకానికి ఆయన పేరే ఉంది. రియో నెగ్రో లాంటి ఉపనదుల్లో నీళ్లు టీ డికాక్షన్ రంగులో, బాగా ఆమ్లంగా, ఉప్పు లవణాలు దాదాపు లేకుండా ఉంటాయి. అక్కడ పట్టిన చేపకు మన ఇంట్లో అలాంటి నీళ్లు చేసిపెట్టడం చాలా కష్టం. మనకు దొరికేవి చాలావరకు అవి కావు. తరతరాలుగా గాజు ట్యాంకుల్లో పుట్టి పెరిగినవి. పిజన్ బ్లడ్ రకం అడవిలో లేనే లేదు, అది 1990ల మొదట్లో థాయ్‌లాండ్ పెంపకందారుల దగ్గర నుంచి ప్రపంచానికి వచ్చింది. లెపర్డ్, చెకర్‌బోర్డ్, రెడ్ మెలన్ లాంటివన్నీ మనుషులు ఏరి ఏరి జతకట్టించి తయారుచేసినవే. ఇవి మామూలు కుళాయి నీళ్లలో పెరిగిన చేపలు. కాబట్టి అమెజాన్ నీళ్లు ఎలా ఉంటాయన్న బెంగ వదిలెయ్యండి. మీరు కొనే చేప నిన్నటి దాకా ఏ నీళ్లలో ఉందో అది అడగండి. దాని ఊరు అదే.

మన దక్షిణాదిలో ఆ ఊరు చాలాసార్లు చెన్నై కొళత్తూరు అవుతుంది. చూడనివాళ్లు ఒక్కసారి వెళ్లి రండి. వీధికి వీధి రంగు చేపల షాపులు. వెనక సందుల్లో మామూలు ఇళ్లే. మేడ మీద సిమెంటు తొట్లు, మెట్ల కింద గాజు ట్యాంకులు, ఎక్కడ చూసినా ఎయిర్ పంపుల చప్పుడు. అక్కడ నేను ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. వాళ్ల తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చారట, ఇంట్లో తెలుగే. తమిళ యాసతో ముద్దుగా ఉంటుంది ఆ తెలుగు. "రా తమ్ముడూ, చెప్పులు అక్కడ వదిలి కాళ్లు కడుక్కో" అన్నారు. చేతులు కూడా మోచేతుల దాకా కడిగించారు. ముందు నాకు ఆయన మీద నమ్మకం కలిగింది అక్కడే. చేపను చూపించేముందు కొనేవాడి చేతులు కడిగించే మనిషి, తన చేపల్ని కాపాడుకుంటున్నాడు.

ఆయన ఒక ట్యాంకు ముందు కట్టిన న్యూస్‌పేపరు కొసను మెల్లగా పైకెత్తి చూడమన్నారు. లోపల ఒక జత. వాటి మధ్య బోర్లించిన మట్టి కోను, దాని మీదే గుడ్లు పెట్టాయి. పిల్లలు ఆవగింజంత ఉన్నాయి, తల్లి ఒంటికి రెండు పక్కలా అతుక్కుని ఉన్నాయి. నేను మొదట ఏదో జబ్బు పొక్కులనుకున్నాను. మొహం గాజుకు దగ్గరగా పెట్టి చూస్తే ఒక్కో పిల్లా తల విదిలిస్తూ ఒంటి మీది జిగురును కొరుక్కుని తింటోంది. డిస్కస్ పిల్లలకు మొదటి మేత అదే, అమ్మానాన్నల ఒంటి మీద ఊరే జిగురు. ఇద్దరూ పెడతారు. నేను చూస్తుండగానే తల్లి ఒక్కసారి ఒళ్లు జాడించింది. పిల్లలన్నీ మబ్బులాగా విడిపోయి, గుంపుగా వెళ్లి తండ్రి పక్కన చేరాయి. పెద్దాయన "డ్యూటీ మారింది" అని మెల్లగా అన్నారు. రెండు నిమిషాలయినా నేను లేవలేదు, ఆయనా లెమ్మనలేదు.

ఈ దృశ్యం అందంగా ఉందని మాత్రమే చెప్పడం లేదు. పిల్లల్ని తల్లి నుంచి వేరుచేసి గుడ్డు పొడి ముద్ద పెట్టి పెంచేవాళ్లూ ఉన్నారు. అలా పెంచడం తప్పు కాదు. కానీ అమ్మానాన్నల దగ్గర పెరిగిన పిల్లల్నే నేను ఏరుకుంటాను. అలాంటి ఇంట్లో తల్లినీ తండ్రినీ కళ్లారా చూడొచ్చు. మూడంగుళాల పిల్లలో రేపటి రూపం కనపడదు. అమ్మానాన్నల్లో కనపడుతుంది, గుండ్రంగా ఉన్నాయా, రెక్కలు నిటారుగా ఉన్నాయా, ఎంత సైజుకు వచ్చాయి అని. షాపువాడు "పెద్దయ్యాక ఇలా అవుతుంది సార్" అని ఫోనులో ఫోటో చూపిస్తాడు. పెంచినవాళ్లయితే ఆ చేపనే చూపించగలరు.

ఇక చేపను ఎలా చూడాలి. మొదట కన్ను చూడండి. ఒంటికి కన్ను సరిపోవాలి. చిన్న ఒంట్లో పెద్ద కన్ను కనపడిందంటే దాని వయసు ఎక్కువ, ఎదుగుదల తక్కువ అని లెక్క. కన్ను వయసుతో పెరుగుతుంది, ఒళ్లు తిండితో పెరుగుతుంది. మొదటి నెలల్లో కడుపు మాడితే తర్వాత మనం ఎంత పెట్టినా ఆ గుండ్రం రాదు, రగ్బీ బంతిలా సాగిపోతుంది. తర్వాత మొప్పలు. రెండూ సమంగా ఆడాలి. ఒక మొప్ప మూసుకుని ఒక్కదానితోనే ఊపిరి తీస్తుంటే అక్కడ పరాన్నజీవులు పట్టి ఉండొచ్చు. మలం తెల్లగా, దారంలా వేలాడుతుంటే పేగుల్లో తేడా ఉన్నట్టు. చాలామంది ఒంటి మీద తొమ్మిది నిలువు చారలు ముదురుగా కనపడితే భయపడింది, లేకపోతే హాయిగా ఉంది అనుకుంటారు. మామూలు రకాల్లో అది నిజమే. పిజన్ బ్లడ్‌లో ఆ చారలు రానే రావు. అది ఎంత బాధలో ఉన్నా మీకు నల్లగీత చూపించదు. అందుకని దాని దగ్గర ఇంకా ఎక్కువసేపు నిలబడాలి, తిండి దగ్గర చూడాలి.

తిండి దగ్గర చూడటం, ఇదే అన్నిటికన్నా పెద్ద పరీక్ష. పెద్దాయన నా ముందే గుప్పెడు మేత వేశారు. ఇరవై దాకా చేపలు ఒక్కసారిగా ఆయన చేతి కిందికి ఎగబడ్డాయి. ఒకటి మాత్రం ఒక అర క్షణం ఆలస్యంగా కదిలింది, ఒక ముక్క నోట్లోకి తీసుకుని మళ్లీ ఉమ్మేసింది. నేను గమనించానో లేదో అని ఆయన నా మొహం చూసి, తనే వలతో దాన్ని పక్కకు తీశారు. "ఇది వద్దు తమ్ముడూ, దీన్ని ఇంకో వారం చూడాలి." అమ్మే మనిషి తనంతట తను వద్దని చెప్పే చేప ఒకటైనా ఉండాలి. ఆ ఇంటి నుంచి నేను ఇప్పటికీ కొంటున్నాను. మేత వేసి చూపించమంటే "ఇందాకే వేశాం" అని దాటేస్తే, తొందరపడకండి. సాయంత్రం మళ్లీ వస్తామని చెప్పండి.

రంగు గురించి గట్టిగా ఒక మాట. రెండంగుళాల పిల్ల నిగనిగలాడే నీలంతోనో ఎరుపుతోనో ఉంటే సంతోషపడకండి, అనుమానించండి. ఆ వయసులో చాలా రకాలు ఇంకా బూడిదరంగు, మట్టిరంగే. తొందరగా అమ్ముడుపోవాలని మిథైల్ టెస్టోస్టిరాన్ అనే హార్మోను పెట్టేవాళ్లు ఉన్నారు. పెట్టడం ఆపాక ఆ రంగు దిగిపోతుంది. ఆడచేపల్లో గుడ్లు పెట్టే శక్తి కూడా దెబ్బతినొచ్చు. ఇది నాకు చాలా బాధ కలిగించే సంగతి, ఎందుకంటే చేపకు జీవితాంతం నష్టం, కొనేవాడికి నాలుగు నెలల తర్వాతగానీ తెలియదు. ఎర్ర చేపలకు మేతలో అస్టాజాంథిన్ కలపడం వేరే సంగతి, అది రొయ్యల్లో ఉండే రంగే, హాని లేదు. అది కూడా మానేస్తే కొంత పాలిపోతుంది, కాబట్టి ఏం మేత పెడుతున్నారో అడిగి రాసుకోండి.

ఇప్పుడు నీళ్లు. కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో టీడీఎస్ మీటరు, అంటే నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో కొలిచేది, పెట్టుకుని వెళ్లండి. ఏమీ అనుకోరు, మంచి పెంపకందారు సంతోషిస్తాడు. ఆ రోజు పెద్దాయన ట్యాంకులో ముంచితే 420 వచ్చింది, పీహెచ్ 7.4. నేను ఆశ్చర్యపోయాను. డిస్కస్‌కు ఆర్వో నీళ్లే పొయ్యాలని అంతదాకా నమ్మి ఉన్నాను. ఆయన చెప్పింది చాలా సూటిగా ఉంది. గుడ్లు పొదగాలంటే మెత్తని నీళ్లు కావాలి, దానికి ఆర్వో కలుపుతాం. పెరగడానికి అక్కర్లేదు. పెరగడానికి శుభ్రమైన నీళ్లు, రోజూ మారే నీళ్లు, 29, 30 డిగ్రీల వేడి చాలు.

మన బెంగళూరులో చిక్కు ఏమిటంటే, సంపులో ఉన్నది ఏ నీళ్లో మనకే తెలియదు. ఒక వారం బోరు, ఒక వారం ట్యాంకరు. 2024 అక్టోబరులో కావేరి తాగునీటి పథకం అయిదో దశ మొదలయ్యాక ఈ వైపు కొన్ని చోట్లకు కావేరి నీళ్లు కూడా వస్తున్నాయి, మూడూ ఒకే సంపులో కలుస్తాయి. కావేరి నీళ్లు బోరు కన్నా చాలా తేలిక, కానీ క్లోరిన్ ఉంటుంది, దాన్ని పోగొట్టే యాంటీ క్లోరిన్ మందు తప్పదు. అపార్ట్‌మెంటులో సాఫ్ట్‌నర్ ఉంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసేసి ఆ చోట సోడియం పెడుతుంది. పంపులకు తెల్లగా పేరుకోవడం తగ్గుతుంది, టీడీఎస్ తగ్గదు. అందుకని చేప కొనడానికి నెల ముందు నుంచే ఆదివారం, బుధవారం మీ నీళ్లు కొలిచి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం చూపించి పెంపకందారుతో మాట్లాడండి. మీ నీళ్లకు దగ్గరగా ఉన్న నీళ్లలో పెంచినవాళ్లే మీకు సరైన సంబంధం. చలికాలం సంగతి కూడా మరిచిపోవద్దు. చెన్నైలో హీటరు లేకుండా కూడా చాలా నెలలు గడుస్తాయి. ఇక్కడ డిసెంబరు తెల్లవారుజామున మేడ మీది ట్యాంకు నీళ్లు చేత్తో ముట్టుకుంటే జివ్వుమంటాయి. అవి నేరుగా పోస్తే కొళత్తూరు చేప తట్టుకోలేదు. నేను రెండు వందల లీటర్ల డ్రమ్ములో ముందు రోజే పట్టి హీటరు, ఎయిర్ స్టోన్ వేసి ఉంచుతాను.

తీసుకురావడం. చెన్నై నుంచి మూడొందల యాభై కిలోమీటర్లు. ముందు రోజు మేత ఆపమని చెప్పండి. ఒక్కో చేప ఒక్కో సంచిలో, సంచికి సంచి తొడిగి, మూడో వంతు నీళ్లు, మిగతాది ఆక్సిజన్. థర్మోకోల్ పెట్టెలో పెట్టి మూత టేపు వేయించండి. ఏసీ బస్సయితే ఆ పెట్టె లేకుండా అసలు ఎక్కకండి. ఇంటికొచ్చాక చాలామంది చేసే తప్పు ఒకటుంది, సంచి విప్పి గంటసేపు గ్లాసు గ్లాసు చొప్పున నీళ్లు కలుపుతారు. ప్రేమతోనే చేస్తారు, చేపకు అపకారం జరుగుతుంది. దారిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల సంచిలో పీహెచ్ పడిపోతుంది. దానివల్ల సంచిలో చేరిన అమ్మోనియా అంతగా హాని చెయ్యని రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు బయటికి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. అందులో గంటసేపు నిలబెట్టకూడదు. సంచి విప్పకుండా ఇరవై నిమిషాలు తేలనిచ్చి, వేడి సమానమయ్యాక విప్పి, వెంటనే చేపను మాత్రం ట్యాంకులోకి వదలాలి. సంచి నీళ్లు పారబోయాలి. ఇలా ధైర్యంగా చెయ్యాలంటే ట్యాంకులో టీడీఎస్ ముందే పెంపకందారు అంకెకు దగ్గరగా తెచ్చి ఉంచాలి. అందుకే ఇందాక మీటరు గురించి అంతసేపు చెప్పాను.

(సభలో ఒక మహిళ: "అన్నా, అందరం చెన్నై వెళ్లలేం కదా. ఇక్కడి షాపుల్లో అసలు కొనకూడదా?")

కొనొచ్చమ్మా. షాపులో కూడా మంచివాళ్లున్నారు. వాళ్లను రెండు మాటలు అడగండి. ఈ చేప ఎవరి దగ్గర పుట్టింది, ఇక్కడికి వచ్చి ఎన్ని రోజులయింది. రెండూ తడబడకుండా చెప్పగలిగితే అడ్వాన్సు ఇచ్చి రెండు వారాలు అక్కడే ఉంచమనండి. మధ్యలో రెండుసార్లు వెళ్లి మేత టైములో చూడండి. ఈ రెండు వారాల్లో ఆ ట్యాంకులోకి కొత్త సరుకు వేస్తే ఒప్పుకోకండి. ఒకే వల అన్ని ట్యాంకుల్లో ముంచుతున్నారేమో కూడా చూడండి, షాపును అంచనా వెయ్యడానికి నాకు అంతకన్నా మంచి గుర్తు లేదు.

(ఇంకొకరు: "జర్మనీ, మలేషియా చేపలు మేలంటారు?")

జాతి మేలైనదే, కాదనను. అయితే దిగుమతి చేపకు పశు క్వారంటైన్ అనుమతి కాగితాలుండాలి, అవి చూపించమనండి. దిగి వారం కూడా కానిదాన్ని తీసుకోకండి. అన్ని గంటల ప్రయాణం చేసొచ్చిన చేప అసలు స్థితి బయటపడటానికి టైము పడుతుంది. మొదటిసారి పెంచేవాళ్లకు నా సలహా అయితే, మన దగ్గర రెండు మూడు తరాలుగా పుట్టిన చేపే.

(ఒక అబ్బాయి: "అంకుల్, ఎన్ని కొనాలి? ఏ సైజు?")

ఆరుకు తగ్గొద్దు నాన్నా. రెండో మూడో ఉంటే బలమైనది బలహీనమైనదాన్ని తిననివ్వదు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకులో రెండొందల యాభై లీటర్లు పడతాయి, ఆరింటికి సరిపోతుంది. సైజు నాలుగంగుళాలకు దగ్గరగా తీసుకో. రెండంగుళాలవి చవకే, కానీ రోజుకు అయిదారుసార్లు మేత, రోజూ నీళ్లు మార్చడం, నువ్వు బడికి వెళితే ఎవరు చేస్తారు? డబ్బు సరిపోకపోతే మూడు నెలలు ఆగి కొనుక్కో, ఇవాళ రెండు రేపు రెండు అని మాత్రం కొనకు. తర్వాతెప్పుడైనా కొత్తవి చేర్చాలంటే వేరే ట్యాంకులో ఆరు వారాలు ఉంచి, చివర్లో నీ పాత చేపల్లో ఒకదాన్ని వాటితో రెండు వారాలు ఉంచి చూడు. అది బాగుంటేనే అన్నీ కలుపు.

మొదటి రోజు లైటు వెయ్యొద్దు, మేతా వెయ్యొద్దు. అవి మూలకు చేరి నల్లగా నిలబడతాయి, కంగారుపడకు, మందులు వెయ్యకు. కొళత్తూరు నుంచి తెచ్చిన నా ఆరు చేపలు రెండో రోజు సాయంత్రం దాకా కదల్లేదు. గదిలో చిన్న దీపం మాత్రం ఉంచి, ఫ్రీజరులో గడ్డకట్టిన బ్లడ్ వార్మ్స్ అనే ఎర్ర పురుగులు ఒక చిటికెడు కరిగించి వేసి, కుర్చీ దూరంగా లాక్కుని కూర్చున్నాను. పావుగంటకు ఒకటి ముందుకొచ్చి అడుగున ఉన్నదాని మీదికి సన్నగా నీళ్లు ఊది, పైకి లేచిన పురుగును నోట్లోకి తీసుకుంది. ఉమ్మెయ్యలేదు. దాని వెనకే ఇంకోటి వచ్చింది. మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి వేలెత్తి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.